పెద్దవారి పాదం సైజు మారుతుందా?

"మీ నాన్నగారి చెప్పుల సైజు ఎంత?" అని అడిగితే చాలామంది తడుముకోకుండా "ఏడు సిస్టర్, ఎప్పుడూ ఏడే" అని చెబుతారు. ఆ ఏడు ఎప్పుడు కొలిచినది అని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

కొంతకాలం క్రితం మా డ్రస్సింగ్ గదికి ఒక పెద్దాయనను ఆయన కుమారుడు తీసుకొచ్చాడు. ఆయనకు వయస్సు అరవై దాటింది. చాలా ఏళ్లుగా షుగరు ఉంది. చిన్న కూతురి పెళ్లికని కొడుకు ప్రేమతో కొత్త బూట్లు కొనిపెట్టాడు, పాత సైజులోనే. పెళ్లి పనుల్లో ఆయన వాటితోనే రెండు రోజులు తిరిగారు. నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. మేజోడు తీస్తుంటే రక్తపు మరక కనిపించింది. ఇంట్లో పసుపు పెట్టి వారం రోజులు చూశారు. మా దగ్గరకు వచ్చేసరికి చిటికెనవేలు నల్లబడిపోయింది. ఆ వేలు తీసివేయవలసి వచ్చింది.

"ఆయన సైజే కదా సిస్టర్ కొన్నాను" అని ఆ అబ్బాయి పదేపదే అన్నాడు. తప్పు అతనిది కాదు. పెద్దయ్యాక కూడా పాదం మారుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. మీకు చెప్పడానికే ఈ వ్యాసం.

పాదం ఎందుకు మారుతుంది?

మన ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. ఆడపిల్లల్లో సుమారు 14, మగపిల్లల్లో సుమారు 16 ఏళ్లకు పాదం ఎముకల పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. అయితే ఈ ఎముకలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే బంధనాలు ఉంటాయి. నులక మంచం సంగతి మీకు తెలుసు. కొత్తలో బిగువుగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ నులక సాగి కిందికి దిగుతుంది. పాదం బంధనాలు కూడా అలాగే సాగుతాయి. అప్పుడు పాదం అడుగున ఉండే వంపు తగ్గి, పాదం కొంచెం పొడవు, వెడల్పు అవుతుంది. బరువు పెరిగినవారిలో ఈ మార్పు ఇంకా ఎక్కువ.

గర్భిణీ స్త్రీలలో కూడా ఇలా జరుగుతుంది. 2013లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వారు 49 మంది గర్భిణులను కాన్పు తరువాత కూడా పరిశీలించి ఒక నివేదిక ప్రచురించారు. వారిలో 60 నుండి 70 శాతం మందికి పాదాలు పొడవు, వెడల్పు పెరిగాయి. కొందరికి 2 మిల్లీమీటర్లు, కొందరికి 10 మిల్లీమీటర్ల వరకు పొడవు పెరిగింది. మన దుకాణాల్లో ఏడు, ఎనిమిది అనే సైజుల మధ్య తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు మాత్రమే. కాబట్టి కాన్పు తరువాత పాత చెప్పులు బిగుతయ్యాయని కోడలు చెబితే నవ్వి ఊరుకోకండి.

వయస్సుతో మడమ కింద, వేళ్ల మొదళ్ల కింద ఉండే కొవ్వు మెత్త కూడా పలుచబడుతుంది. బొటనవేలు పక్కకు వంగి, దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకు వస్తుంది. ఆనెకాయలు పడతాయి. ఇవన్నీ పాత చెప్పులో ఒరుసుకుంటాయి.

వాపు వేరు, పెరుగుదల వేరు

పాదం నెమ్మదిగా, ఏళ్ల మీద మారితే అది సహజం. రోజుల్లో, వారాల్లో మారితే అది జబ్బుకు గుర్తు కావచ్చు. వేలితో పది సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి అలాగే ఉంటే నీరు చేరిందన్న మాట. గుండె, మూత్రపిండాలు, కాలేయం సరిగా పని చేయనప్పుడు రెండు పాదాలకూ నీరు రావచ్చు. కొన్ని రకాల బి.పి. మాత్రల వల్ల కూడా రావచ్చు. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరుగారికి చెప్పండి.

పాదాలతో పాటు చేతులు కూడా లావై ఉంగరం పట్టకపోవడం, దవడ ముందుకు రావడం గమనిస్తే డాక్టరుగారికి చూపించండి. అరుదుగా మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి లోపం వల్ల ఇలా జరుగుతుంది. దీనికి చికిత్స ఉంది.

షుగరు ఉన్నవారికి అసలు ప్రమాదం

షుగరు చాలాకాలం ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పు కరుస్తున్నా తెలియదు. పైగా వదులుగా ఉన్న చెప్పు వేసుకున్నట్టే అనిపించదు కనుక, వారు కావాలనే బిగుతు చెప్పు ఎంచుకుంటారు. "నాన్నగారూ, బాగుందా?" అని అడిగితే "బాగుందమ్మా" అనే అంటారు. ఆ మాటను నమ్మి కొనకూడదు. కొలిచి కొనాలి.

1946 నుండి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వేళ్లు పోవడానికి ముఖ్య కారణం స్పర్శ లేక తెలియకుండా తగిలే గాయాలేనని చూపించారు. షుగరు పాదానికీ అదే పాఠం వర్తిస్తుంది.

ఇంట్లో కొలిచే పద్ధతి

1. సాయంత్రం పూట కొలవండి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.
2. కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టుకొని రెండు పాదాల చుట్టూ గీత గీయండి. కూర్చోబెట్టి గీయవద్దు.
3. రెండు పాదాలూ ఒకేలా ఉండవు. పెద్ద పాదానికి సరిపోయే సైజు కొనండి.
4. గీత వెంట కాగితాన్ని కత్తిరించి దుకాణానికి తీసుకెళ్లండి. దాన్ని చెప్పు మీద పెట్టినప్పుడు అంచులు బయటికి రాకూడదు. బూటులో పెట్టినప్పుడు మడత పడకూడదు.
5. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.
6. స్పర్శ తగ్గినవారికి వెనుక పట్టీ ఉన్నవి, లోపల మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు ఉన్నవి మంచివి. హవాయి చెప్పులు కాలి నుండి జారిపోయినా వారికి తెలియదు.
7. కొత్త చెప్పులు మొదటి రోజు అరగంట మాత్రమే వేయించి, విప్పి పాదం చూడండి. ఎర్రటి గుర్తు ఉంటే ఆ చెప్పు పనికిరాదు.
8. ఏడాదికి ఒకసారి మళ్లీ కొలవండి.

ఆలస్యం చేయకుండా ఎప్పుడు రావాలి?

- ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా ఉంటే.
- వాపుతో పాటు ఆయాసం ఉంటే.
- షుగరు ఉన్నవారికి ఒక పాదం ఎర్రగా, వెచ్చగా వాస్తే. నొప్పి లేకపోయినా లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు. ఆ కాలిమీద నడవనివ్వకండి.
- బొబ్బ, పుండు, నల్లటి మచ్చ ఏది కనిపించినా. పసుపు, సున్నం పెట్టి రోజులు గడపవద్దు.

పైన చెప్పిన పెద్దాయన ఇప్పుడు ఎనిమిదో నంబరు వెనుక పట్టీ చెప్పులు వేసుకుంటున్నారు. రోజూ రాత్రి కొడుకు దీపం దగ్గర కూర్చోబెట్టి ఆయన పాదాలు, వేళ్ల సందులు చూస్తాడు. మిగిలిన తొమ్మిది వేళ్లూ క్షేమంగా ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవారి పాదాలు కూడా ఈ రాత్రే ఒకసారి చూడండి.