దోహాలో పిఠాపురం ఆడపడుచు తివాచీ

అమెరికా విమానం మారే ఎనిమిది గంటల్లో ఊరంతా చుట్టేయాలని పరుగులు పెట్టకండి. మెట్రో ఎక్కి, ఒక్క వస్తువు దగ్గరికి వెళ్లి, తనివితీరా చూసి రండి.

ఎనిమిదిన్నర అడుగుల పొడవు, ఆరడుగులకు కాస్త తక్కువ వెడల్పు. దూరం నుంచి ఒకటే పాలమీగడ రంగు. దగ్గరికి వెళితే ఆవగింజంత ముత్యాలు ఒక్కొక్కటీ విడివిడిగా కంటికి ఆనుతాయి. మొత్తం పదిహేను లక్షలకు పైనే. పట్టుకీ, జింక చర్మానికీ పట్టేలా సూదితో ఒక్కోటీ గుచ్చి కుట్టారు. ముత్యాల మధ్య ఎర్రని, నీలి గాజుపూసల తీగలు అల్లుకుంటూ పోతాయి. నడిమధ్య మూడు పెద్ద పద్మాలు, వాటి నిండా వజ్రాలు. అక్కడక్కడ కెంపులు, పచ్చలు, నీలాలు. పేరు బరోడా ముత్యాల తివాచీ. ఉన్నది దోహాలో, ఖతార్ జాతీయ మ్యూజియంలో. హైదరాబాద్ నుంచి డాలస్‌కో హ్యూస్టన్‌కో వెళుతూ దోహాలో విమానం మారే మనవాళ్లు, దానికి కాసేపటి మెట్రో దూరంలోనే కుర్చీల్లో చేరగిలబడి కునుకు తీస్తుంటారు.

పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు పనికొచ్చేలా, విమానం మారే విరామంలో ఊరు చూడటం మీద ముఖచిత్ర కథనం ఇవ్వమన్నారు సంపాదకులు. పది ప్రదేశాలు, పది ఫొటోలు అన్నది అనుకున్న లెక్క. దోహాలో దిగి తిరిగినప్పుడు రాసుకున్న నోట్సు ముందేసుకుని కూర్చుంటే మిగతావన్నీ పక్కకు జరిగాయి, తివాచీ ఒక్కటే మిగిలింది. నాలుగు గంటల్లో నగరం మొత్తం చూపిస్తామనే జాబితాల మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. బస్సు కిటికీలోంచి చూసిన ఊరు ఇంటికి వెళ్లేసరికే చెరిగిపోతుంది. ఒక వస్తువు ముందు అరగంట నిలబడితే మాత్రం అది మనతో వస్తుంది.

నీళ్ల కింద నుంచి బరోడాకి

ఈ తివాచీ ముత్యాలు పుట్టింది మ్యూజియం బయట కనిపించే ఆ గల్ఫ్ సముద్రంలోనే. బసరా ముత్యాలంటారు మనవాళ్లు, పాతబస్తీ పత్తర్‌గట్టీలో ఇప్పటికీ ఆ మాటకు ధర పలుకుతుంది. బసరా రేవు పేరు వాటికి స్థిరపడింది కానీ, ముంచి తీసింది బహ్రెయిన్, ఖతార్, అబుదాబి తీరాల్లోని మనుషులు.

వేసవి నాలుగు నెలలూ పడవలు సముద్రంలోనే ఉండేవి. మునిగేవాడి కాలికి రాయి కట్టి దింపేవారు. ముక్కుకు కొమ్ముతోనో తాబేలు చిప్పతోనో చేసిన బిగింపు, మెడలో తాళ్లతో అల్లిన బుట్ట. పైన పడవలో ఇంకొకడు తాడు పట్టుకుని నిలబడేవాడు. కింద ఊపిరి అయిపోవస్తుంటే తాడు ఒక్కసారి లాగాలి, పైవాడు ఆ క్షణంలోనే గబగబా చేదాలి. పైవాడు ఏమరుపాటుగా ఉంటే కిందవాడి ప్రాణం పోయినట్టే. ఇలా పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా ఎన్నో మునకలు. ఏరుకొచ్చిన ఆల్చిప్పలన్నీ ఒకే కుప్పగా పోసి, మర్నాడు తెల్లవారుజామున నఖుదా, అంటే పడవ నాయకుడు, కళ్లెదుట చీల్చేవారు. అన్నీ కలిపేసి చీలుస్తారు కాబట్టి ఏ ముత్యం ఎవడు తెచ్చిన చిప్పలోదో ఎవరికీ తెలియదు. చాలా చిప్పల్లో అసలేమీ ఉండదు.

అక్కడి నుంచి ముత్యం వర్తకుడి ఎర్రగుడ్డ మూటలోకి, ఆ మూట బొంబాయికి. బొంబాయిలో జల్లెళ్లలో పరిమాణం ప్రకారం వేరుచేసి, రంధ్రం వేసి, గుత్తులు కట్టేవారు. కొనేది మన రాజులూ నవాబులే. నిజాం నగల్లోని సత్‌లడా ఏడు వరుసల బసరా ముత్యాల హారమే. బరోడా గైక్వాడ్ ఖండేరావు అయితే నగలతో ఆగలేదు. 1865 ప్రాంతంలో ఈ తివాచీ చేయించడం మొదలుపెట్టాడు. దీంతోపాటు గుండ్రటి ముత్యాల చాందినీ కూడా తయారైంది. మదీనాలో మహమ్మద్ ప్రవక్త సమాధికి కానుకగా పంపాలన్నది ఆయన సంకల్పమని చెబుతారు. ఒక మరాఠా హిందూ ప్రభువు మదీనాకు మొక్కుకున్న కానుక ఇది. నాకు వజ్రాల కంటే ఈ సంగతే ఎక్కువ మెరిసినట్టనిపించింది.

కానుక చేరలేదు. 1870లో ఖండేరావు చనిపోయాడు, తివాచీ బరోడా ఖజానాలోనే ఉండిపోయింది. 1902-03లో లార్డ్ కర్జన్ దిల్లీ దర్బారు సందర్భంగా పెట్టిన భారతీయ కళా ప్రదర్శనలో జనం దాన్ని చూశారు. తర్వాత మళ్లీ ఖజానాకే.

సీతాదేవి చేతుల మీదుగా

ఇక్కడి నుంచి కథ గోదావరి జిల్లాల వైపు తిరుగుతుంది. నేను చదివింది కాకినాడ పి.ఆర్. కళాశాలలో. ఆ రెండు అక్షరాలు పిఠాపురం రాజావే. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు డబ్బు పోసిన మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావును తెలుగు చదివినవాళ్లెవరూ మరిచిపోరు. ఆయన కూతురు సీతాదేవి 1917లో మద్రాసులో పుట్టింది. తొలి వివాహం ఉయ్యూరు జమీందారీ కుటుంబంలో. ఆ బంధం తెంచుకుని 1943లో బరోడా మహారాజు ప్రతాప్‌సింగ్ గైక్వాడ్‌ను పెళ్లాడింది. ఆయనకు అప్పటికే పట్టపురాణి ఉంది, పిల్లలున్నారు. ఆ పెళ్లి అప్పట్లో దేశమంతా అట్టుడికిన వార్త. బ్రిటిష్ పాలకులూ ముఖం చిట్లించారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సీతాదేవి మొనాకోలో ఇల్లు తీసుకుంది. బరోడా ఖజానాలోని నగలు కొన్ని ఆమెతో కలిసి ఐరోపా చేరాయి. ముత్యాల తివాచీ కూడా.

1949లో బరోడా సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1951లో భారత ప్రభుత్వం ప్రతాప్‌సింగ్‌ను గద్దె దించింది. పురావస్తువులు దేశం దాటకుండా 1972 చట్టం వచ్చేసరికి తివాచీ వెళ్లిపోయి ఏళ్లయింది. 1985లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం భారతీయ కళా ప్రదర్శనలో కనిపించింది. సీతాదేవి 1989లో పారిస్‌లో కన్నుమూసింది. 2009 మార్చిలో సదబీస్ సంస్థ దోహాలోనే వేలం పెట్టింది. సుమారు 55 లక్షల డాలర్లకు పాట ముగిసింది.

అలా గల్ఫ్ అడుగున పుట్టి, బొంబాయిలో రంధ్రం పడి, బరోడాలో కుట్టించుకుని, మొనాకో మీదుగా తిరిగి గల్ఫ్ ఒడ్డుకే వచ్చింది తివాచీ. ఈ దారిలో రాజుల పేర్లున్నాయి, రాణి పేరుంది, వేలంపాట సంస్థ పేరుంది. మునిగినవాళ్ల పేర్లు, కుట్టినవాళ్ల పేర్లు లేవు. అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి చూడండి. ముత్యాలన్నీ ఒకే గుండ్రనలో ఉండవు. ఒకటి కాస్త సొట్టగా, ఇంకొకటి కాస్త పసుపుగా. వాటి పక్కన గాజుపూసల గీత ఎక్కడా వంకర పోలేదు. ఎగుడుదిగుడు ముత్యాలను సర్ది ఇంత నున్నటి వరుస తెచ్చారంటే ఆ చేతులకు ఎంత ఓపిక ఉండాలి? రాజుగారి దాతృత్వం కంటే ఆ ఓపికకే నేను దండం పెడతాను.

అప్పు ముత్యం

మ్యూజియంలో మునకగాళ్ల అప్పుల గురించి కూడా తెలుసుకుని రండి. మునిగేవాడికి రోజుకూలి ఉండేది కాదు. ఇంటి ఖర్చుకు నఖుదా ముందుగా కొంత ఇచ్చేవాడు. నాలుగు నెలల తర్వాత ముత్యాలు అమ్మి, పడవ ఖర్చు మినహాయించి, వాటా పంచేవాడు. వాటా అప్పుకు చాలకపోతే మళ్లీ ఏడు అదే పడవ ఎక్కాలి. తండ్రి బాకీ కొడుకు మీద పడ్డ సందర్భాలూ ఉన్నాయి.

మ్యూజియానికి వెళ్లే మెట్రోలో పక్కన నిలబడ్డ కుర్రాడు నా ఫోను మాటలు విని పలకరించాడు. జగిత్యాల దగ్గరి పల్లె. ఏసీ మెకానిక్కు.

"యాడికి పోతున్నవ్ అన్నా?"

మ్యూజియానికన్నాను.

"గదా? మా కంపెనీ బస్సు రోజు గా రోడ్డు మీదికెల్లే పోతది. బయటికెల్లి మస్తు సార్లు చూసిన. లోపలికి ఎన్నడు పోలే."

ఎందుకని అడిగితే నవ్వాడు. "శుక్రారం ఒక్కదినమే సెలవు. బట్టలు పిండుకునుడు, ఇంటికి ఫోను చేసుడు, గంతే. వీసాకు తెచ్చిన అప్పు మొన్ననే ఒడిసింది. గిప్పుడు చెల్లె పెండ్లికి జమ చేస్తున్న."

తివాచీ ముందు నిలబడ్డంతసేపూ ఈ మాటే నా చెవిలో ఉంది. ఖతార్ 2020లో, ఉద్యోగం మారాలంటే యజమాని అనుమతి పత్రం తేవాలన్న నిబంధనను తీసేసింది. 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు వెయ్యి రియాళ్లుగా ఖరారు చేసింది. ఇవి మంచి మార్పులు, కాదనను. కానీ ఊళ్లో ఏజెంటు చేతిలో పోసిన అప్పు అక్కడి చట్టం పరిధిలోకి రాదు. దోహాలో దిగే తెలుగు ప్రయాణికులు ఆ భవనాలూ ఆ మెట్రో సొరంగాలూ ఎవరి చేతుల మీదుగా లేచాయో గుర్తుపెట్టుకుని చూడాలని నా కోరిక. అందులో కరీంనగర్, నిజామాబాద్ చేతులు ఉన్నాయి.

ఇక ఖతార్ చరిత్ర, చోటున్నంత వరకు. ఖతార్‌ను ఏలే అల్ థానీ కుటుంబ పెద్దతో బ్రిటిష్ వాళ్ల ఒప్పందం 1868లో, తర్వాత కొన్నాళ్లు ఒట్టోమన్ల పెత్తనం, 1916 నుంచి బ్రిటిష్ రక్షణ. 1929 ఆర్థిక మాంద్యం, అదే సమయంలో జపాన్ పెంపుడు ముత్యాలు, రెండూ కలిసి ముత్యాల వ్యాపారాన్ని ముంచేశాయి, ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1939-40లో దుఖాన్‌లో చమురు పడింది, ఎగుమతి 1949లో మొదలైంది, 1971 సెప్టెంబరు 3న స్వాతంత్ర్యం, ఆపై సహజవాయువు, 2022లో ప్రపంచకప్పు ఫుట్‌బాల్.

బాక్సు: చూడదగ్గవి మరికొన్ని

మ్యూజియం భవనమే ఒక వింత. ఎడారి ఇసుకలో జిప్సమ్ గడ్డకట్టి రేకులు విప్పుకునే రాతిపువ్వు ఆకారంలో ఫ్రెంచి వాస్తుశిల్పి జాన్ నూవెల్ కట్టాడు. 2019 మార్చిలో తెరిచారు. లోపలి దారి సుమారు కిలోమీటరున్నర, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే తివాచీ ఎక్కడో అడిగి అటు వెళ్లడం మేలు. రేకుల మధ్య పాత షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ భవంతిని కూడా కాపాడుకున్నారు.

సముద్రపు ఒడ్డున ఇస్లామిక్ కళల మ్యూజియం 2008 నాటిది, వాస్తుశిల్పి ఐ.ఎమ్.పెయ్ రూపకల్పన. షాజహాన్ ధరించిన తెల్లటి జేడ్ పతకం ఆ సేకరణలో ఉంది. దాని మీద చెక్కిన హిజ్రీ ఏడాది 1041, ముంతాజ్ 1631లో చనిపోయిన కాలానికి సరిపోతుంది. టైముంటే ఇదొక్కటీ చూడండి. సూఖ్ వాఖిఫ్ బజారులో డేగల దుకాణాలు, యాలకులేసిన కరక్ చాయ్, ఎండాకాలమైతే సాయంత్రమే. కార్నిష్ రోడ్డు మీద పెద్ద ఆల్చిప్ప, అందులో ముత్యం శిల్పం ఉంది, ఫొటో దిగేవాళ్లు దిగుతారు.

బాక్సు: గంటల లెక్క

విరామం ఎనిమిది గంటలున్నా చేతికి మిగిలేది నాలుగే అనుకోండి. బయటికి రావడానికి గంట, తిరిగి లోపలికి వెళ్లి గేటు చేరడానికి రెండు గంటలకు తగ్గకుండా ఉంచుకోవాలి, మిగతాది దారిలో పోతుంది. ఆరు గంటల లోపు విరామమైతే బయటికి వెళ్లవద్దు.

భారతీయులు ముందుగా వీసా తీసుకోకుండా వచ్చే వెసులుబాటు 2017లో మొదలైంది. హోటల్ బుకింగు, తిరుగు టిక్కెట్టు వంటి షరతులు మారుతుంటాయి, బయల్దేరే వారంలోనే విమాన సంస్థను అడగండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. చెక్‌ఇన్ చేసిన సామాను నేరుగా చివరి ఊరికి వెళుతుందో లేదో హైదరాబాద్‌లోనే ఖాయం చేసుకోండి. బృందంతో వెళ్లడమే తేలికనుకునేవాళ్లకు ఖతార్ ఎయిర్‌వేస్ తరఫున డిస్కవర్ ఖతార్ సంస్థ బస్సు యాత్రలు నడుపుతుంది.

మెట్రోకి విమానాశ్రయంలోనే స్టేషను ఉంది. ఎర్ర లైనులో మ్షెయిరెబ్ వరకు, అక్కడ బంగారు లైనుకి మారాలి. మొదటి స్టేషను సూఖ్ వాఖిఫ్, రెండోది నేషనల్ మ్యూజియం. శుక్రవారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, మ్యూజియం తలుపులు మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు. పొద్దున దిగేవాళ్లకు ఆ రోజు కుదరదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, మెట్రో స్టేషను నుంచి మ్యూజియం దాకా నడిచే ఆ కొద్ది దూరానికి కూడా నీళ్ల సీసా పట్టుకెళ్లాలి.