సున్నా బిల్లు చెప్పని సంగతి

బాగేపల్లిలోనో చింతామణిలోనో ఇల్లు కొనేటప్పుడు ఖాతా, ఈసీ, హద్దులు అన్నీ చూస్తాం. బాడుగకైతే అడ్వాన్సెంత, నీళ్లెప్పుడొస్తాయి అని అడుగుతాం. ఏప్రిల్లో ఆ ఇల్లు ఎంత కాగుతుందో, దాన్ని చల్లబరచడానికి ఎంత కరెంటు కావాలో ఏ కాగితంలోనూ ఉండదు.

ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ అమ్మే ఇళ్లకు 2007లో, బాడుగ ఇళ్లకు 2008లో ఎనర్జీ సర్టిఫికెట్ వచ్చింది. ఏ నుంచి జీ దాకా తరగతులు, చెల్లుబాటు పదేళ్లు. 2018 నుంచి ఎఫ్, జీ తరగతుల ఇళ్లను, కొన్ని మినహాయింపులు తప్ప, కొత్తగా బాడుగకివ్వకూడదు. వాళ్ల బాధ చలి, మనది ఎండ.

మన దేశంలో ఫ్రిజ్‌ల మీద స్టార్లు వేయించే కేంద్ర సంస్థ బీఈఈ 2018లో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది, 2019లో స్టార్ లేబుల్ మొదలుపెట్టింది. లేబుల్ తీసుకోవడం యజమాని ఇష్టం. సంహిత లెక్కలో ఇంటి లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే కప్పులో ఒక్కో చదరపు మీటరు గుండా 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. పైన ఏమీ పరవని ఆర్సీసీ కప్పు అంతకు రెండింతలకు పైనే దింపుతుంది. మందంగా మట్టి పరిచిన పాత మిద్దెలో మధ్యాహ్నపు వేడి కిందికి రావడానికి గంటలు పడుతుంది.

కర్ణాటకలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వచ్చాక ఇంటి వేడి లెక్క ఇంకా ముఖ్యమైంది. 2022-23 సగటు వాడకానికి కొంత అదనం కలిపి, 200 యూనిట్ల లోపు ఉచితం. నెలలో 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. పై అంతస్తులో కాగే ఇంట్లో ఫ్యాన్లకు తోడు కూలరో ఏసీయో చేరితే ఆ గీత దాటడం ఎంతసేపు?

కాబట్టి ఇంటాయన చూపే సున్నా బిల్లుతో తృప్తి పడొద్దు. బెస్కాం బిల్లులో రూపాయలు వదిలేసి యూనిట్లు చూడండి. పన్నెండు నెలలవి అడిగి, మే నెలను డిసెంబరుతో పోల్చండి. ఎందరుండేవారో, ఏసీ ఉందో కూడా అడగాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లి పడమటి గోడకు లోపలివైపు చెయ్యి ఆనించండి. కప్పు నుంచీ సెగ దిగుతుంటే, మిద్దె మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింటు వేయించాకే అడ్వాన్సు ఇస్తామనండి. యూనిట్ల లెక్క బాడుగ అగ్రిమెంటులో ఒక వరుసగా రాయించాలని ప్రభుత్వం చెప్పినా చాలు, ప్రతి తాలూకాలో అది రేపే మొదలు కావచ్చు.