దీపము పెట్టి వేటాడు ఈగ

మిణుగురు పురుగును ఎరుగనివారు మనలో లేరు. ఉర్దూలో దానినే జుగ్నూ అందురు. తొలకరి జల్లుల తరువాత చెట్ల గుబురులలో మినుకుమినుకుమను ఆ పురుగు, కొబ్బరిచెట్లను తొలుచు కొమ్ముపురుగు చేరిన వర్గమునకే చెందినది. అయితే కీటకములలో దీపము పెట్టునది అదొక్కటే కాదు. ఈగలును దోమలును చేరిన డిప్టెరా వర్గమునందు కూడ వెలుగునిచ్చునవి కొన్ని కలవు. వానిలో ముఖ్యమైనవి కెరోప్లాటిడే అను కుటుంబములోనివి. ఆ కుటుంబమును మన విద్యార్థులకు పరిచయము చేయుటయే మా ఉద్దేశము.

చూపునకు ఇవి దోమల వలె నుండును. సన్నని పొడవైన కాళ్లు, కొంచెము గూనిన వీపు, చిన్న తల. ప్రపంచమున సుమారు వెయ్యి జాతులు గుర్తింపబడినవి. వీనిని, వీని దగ్గరి బంధువులను కలిపి ‘ఫంగస్ నాట్’ లనుట వాడుక. అనగా శిలీంధ్రపు ఈగలు. ఆ బంధువులలో సియారిడే కుటుంబపు ఈగలు పుట్టగొడుగులు పెంచువారికి తెలిసిన చీడయే. కెరోప్లాటిడే ఈగలు మాత్రము తేమగల అడవులనే ఆశ్రయించును. పడిపోయి క్రుళ్లుచున్న మ్రానుల క్రింద, మోడులపై అరల వలె పెరుగు శిలీంధ్రముల అడుగున, వీని డింభకములు జిగురుతో కూడిన పల్చని వలను అల్లుకొని జీవించును. కొన్ని జాతుల డింభకములు, పైనుండి వలపై రాలు శిలీంధ్ర సిద్ధబీజములను తిని తృప్తి చెందును. మరికొన్ని చిన్న పురుగులను పట్టి తినును. కొన్నింటి వలలోని ద్రవమున ఆక్సాలిక్ ఆమ్ల ముండును. తగిలిన పురుగు దానితోనే చచ్చును. ఒకే కుటుంబమున శాకాహారియు, వేటగాడును ఇట్లు ప్రక్కప్రక్కనే కాపురముండుట విశేషము.

ఈ వేటగాండ్రలో మిక్కిలి ప్రసిద్ధమైనది న్యూజిలాండ్ దేశపు అరక్నోకాంపా లూమినోసా. దీని డింభకము గుహల కప్పులకును, అడవిలోని తడి గట్లకును అంటిపెట్టుకొని, పట్టుదారములను క్రిందికి వ్రేలాడదీయును. ఒక్కొక్క దారమునకు ముత్యాల సరము వలె జిగురు బిందువు లుండును. గాలి కదలని గుహలలో ఈ దారములు మూరెడు పొడవు వరకు సాగును. ఆరుబయట గాలికి చిక్కుపడును గనుక పొట్టిగా నుండును. ఇక డింభకము తన తోక చివర నీలిమ కలసిన పచ్చని దీపమును వెలిగించి కాచుకొని యుండును. క్రింది ఏటిలో పుట్టిన చిన్న ఈగలు ఆ వెలుగును చూచి పైకెగిరి దారములకు అంటుకొనును. అప్పుడు డింభకము దారమును పైకి లాగుకొని వానిని భుజించును.

ఇట్లు నెలల తరబడి తిని పెరిగిన డింభకము ప్యూపాగా మారి, తుదకు రెక్కలు ధరించును. రెక్కలు వచ్చిన ఈగకు ఆహారము తీసికొను నోరు లేదు. జతకూడి, గ్రుడ్లు పెట్టి, కొలది దినములలోనే మరణించును. అనగా దాని యాయువంతటికిని చాలు తిండి బాల్యముననే సంపాదింపబడవలెను. విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక!

ఈ వెలుగు ఎక్కడిది? కీటకముల మాల్పీజియన్ నాళికలు విసర్జన కార్యమునకు ఏర్పడినవని మనము తరగతిలో చదువుచున్నాము. ఈ డింభకమున ఆ నాళికల కొనలే దీపములుగా మారినవి. లూసిఫెరిన్ అను పదార్థము ఒక ఎంజైము సాయమున ఆక్సిజన్‌తో కలియునప్పుడు చల్లని కాంతి పుట్టును. మిణుగురు వాడు లూసిఫెరిన్ వేరు, ఈ ఈగ వాడునది వేరు. ఉత్తర అమెరికాలోని అపలేచియన్ కొండలలో నివసించు ఓర్ఫేలియా ఫల్టోని కూడ ఈ కుటుంబములోనిదే యైనను, దాని లూసిఫెరిన్ మరియొకటి. ఒకే ఫలితమును ప్రకృతి వేర్వేరు దారులలో సాధించినది.

దీని పేరునకును ఒక చరిత్ర కలదు. మొదట దీనిని ఐరోపా మిణుగురుల బంధువని తలచిరి. ఇది ఈగ డింభకమని తేలిన పిమ్మట, 1891లో స్క్యూజ్ అను శాస్త్రజ్ఞుడు దీనిని బొలిటోఫిలా అను ప్రజాతిలో చేర్చెను. ఆ మాటకు పుట్టగొడుగులను ప్రేమించునది యని అర్థము. పుట్టగొడుగు ముట్టని ఈ వేటగాడు 33 సంవత్సరములు ఆ పేరనే చెల్లుబాటయ్యెను. 1924లో ఎడ్వర్డ్స్ దీనికి సాలీడు వంటి పురుగను అర్థము వచ్చునట్లు అరక్నోకాంపా అను కొత్త పేరు పెట్టెను.

న్యూజిలాండ్‌లోని వైటోమో గుహ వీనికి పేరుపొందిన నివాసము. 1887లో మావోరీ నాయకుడు టానే టినోరౌ, ఆంగ్లేయ సర్వేయరు ఫ్రెడ్ మేస్ తెప్పపై ఏటి వెంట ఈ గుహలోనికి పోయి చూచిరి. 1889 నాటికి టినోరౌ యాత్రికులను తీసికొనిపోవ నారంభించెను. 1906లో ప్రభుత్వము స్వాధీనము చేసికొన్న ఆ గుహ, 1989లో అతని వంశీయులకు తిరిగి దక్కెను. ఈ నడుమ 1979లో దీపములు చాల భాగము ఆరిపోగా గుహను కొన్ని నెలలు మూసివేయవలసి వచ్చెను. ఎవరును పురుగులను చంపలేదు. గుహలో గాలి పారుదల మారి తేమ తగ్గెను; అంతియే చాలినది. అటుపిమ్మట అచ్చటి గాలి, తేమ, బొగ్గుపులుసు వాయువుల కొలతలను నిత్యము పరిశీలించుచు యాత్రికులను అనుమతించుచున్నారు.

తేమయు, చీకటియు, క్రుళ్లిన మ్రానును మన కంటికి పనికిమాలినవిగా తోచును. అడవిని శుభ్రపరచు నెపమున పడిన మ్రానులను ముందుగా తరలించుట మనకు అలవాటు. ఆ మ్రానుతోపాటు దానిపై శిలీంధ్రము, శిలీంధ్రముపై ఈగ, ఈగపై సాలీడు, సాలీడుపై పిట్ట – వరుసగా ఎన్నియో ప్రాణులు ఇల్లు కోల్పోవును. మా విద్యార్థులు జంతుశాస్త్ర విహారయాత్రకు పోయినపుడు ఒక క్రుళ్లిన దుంగను మెల్లగా తిరగవేసి దాని అడుగున చూడవలెను. చూచిన పిదప దానిని ఎట్లున్నదట్లే తిరిగి ఉంచవలెను. ఈ రెండవ పని మొదటిదానికన్న ముఖ్యమని మా మనవి.