ఆర్గన్ గొంతు, హార్మోనియం ఊపిరి

పల్నాటిలో క్రైస్తవ మిషను పని పాతది. ఫాదర్ హైయర్ గురజాలకు వచ్చినది 1849లో. వెల్దుర్తి వంటి ఊళ్ళ ప్రార్థన మందిరములలో పాటకు తోడు నిలిచినది మాత్రము హార్మోనియం. ఐరోపా పల్లెలలో ఈ పని చేయునది గొట్టముల ఆర్గన్. అచ్చటివారు ఆ వాద్యపు గొంతును కంప్యూటరులో భద్రపరచి, ఎక్కడో దూరమున ఇంటిలో కూర్చుండి వాయించుకొనుచున్నారు. ఆ పని యెట్లు జరుగునో, మన హార్మోనియమునకు అది యెంతవరకు పనికివచ్చునో చూతము.

పిల్లనగ్రోవి రంధ్రములను మూసి తెరచి ఒక్క గొట్టముతోనే అన్ని స్వరములు పలికింతుము. ఆర్గన్‌లో ఒక్కొక్క గొట్టము ఒక్క స్వరమే పలుకును. ఒకే తీరు గొంతు గల గొట్టముల వరుసకు స్టాప్ అని పేరు. 54 మెట్లు, 8 స్టాపులు గల చిన్న ఆర్గన్‌కే 432 గొట్టములు కావలెను. పోలెండులోని క్షెషూఫ్ గ్రామమున, మఠపు చర్చిలో, 1732-1737 నడుమ మైకేల్ ఎంగ్లర్ నిర్మించిన ఆర్గన్ ఇంతకంటె ఎంతో పెద్దది. చెక్ దేశపు సోనుస్ పారదిసి సంస్థ దానిని స్వరము వెంట స్వరముగా రికార్డు చేసినది. అట్టి రికార్డులను వాయించుటకు హౌప్ట్‌వెర్క్ అను కంప్యూటరు ప్రోగ్రాము 2002లో ఇంగ్లండున వెలువడినది. గ్రాండార్గ్ అనునది ఉచితముగనే దొరకును.

పని సాధారణముగా రాత్రివేళ, వీధి సద్దు అణగిన పిమ్మట సాగును. ఒక మెట్టు నొక్కి కొన్ని సెకనులు పట్టియుంచి వదలుదురు. మందిరములోని ప్రతిధ్వని పూర్తిగా సద్దుమణుగు వరకు ఎవరును కదలరాదు. ధ్వనిని సెకనుకు 48,000 మార్లు కొలిచి అంకెలుగా వ్రాయుట యంత్రము పని. చవుక కీబోర్డులలో ఒక స్వరమును రికార్డు చేసి, దానినే హెచ్చించి తగ్గించి పక్క స్వరములు కల్పింతురు. ఇచ్చట అట్లు కాదు. ప్రతి స్వరమునకు దాని రికార్డే. మెట్టు వదలిన పిమ్మట మిగులు ప్రతిధ్వనిని గూడ వేరుగా తీయుదురు. క్షణకాలము మ్రోగిన స్వరము మందిరమును నింపదు. చాలసేపు పట్టినది నింపును. కావున ఆ తోకలు రెండు మూడు విధములుగా కావలెను. వేడి హెచ్చినకొద్దీ గొట్టముల శ్రుతి పెరుగును గనుక, ఒకే చలువలో పని ముగించుట అవసరము.

హార్మోనియమున గొట్టములు లేవు, ఇత్తడి రీడులున్నవి. వేడికి వాని శ్రుతి అంతగా మారదు. 42 మెట్లు, రెండు వరుసల రీడులు గల పెట్టెకు రికార్డులు 84 మాత్రమే. లెక్కకు సులభమే గాని, అసలు చిక్కు తిత్తిలో ఉన్నది. ఆర్గన్‌కు గాలి ఒకే ఒత్తిడితో అందును. హార్మోనియమున గాలి వాయించువాని చేతిలో ఉండును. పాట ఉబికినచోట స్వరము ఉబుకును, తగ్గినచోట తగ్గును. ప్రతి స్వరమును మెల్లగా ఒకమారు, మధ్యమముగా ఒకమారు, గట్టిగా ఒకమారు తీసినను ఆ మూటి నడుమ సాగెడి ఊపిరి రికార్డులో దొరకదు. అందుచే స్వరములతో పాటు, ఆ పెట్టెను ఏండ్ల తరబడి వాయించినవారిచే నాలుగైదు కీర్తనలు పూర్తిగా వాయింపించి దాచుట తప్పనిసరియని మా అభిప్రాయము.

ఆకాశవాణి సయితము హార్మోనియమును 1940 నుండి 1971 వరకు ప్రసారములకు దూరముగా ఉంచినది. శ్రుతి జారు గమకములకు అది లొంగదని ఆక్షేపణ. ఆక్షేపణలో నిజము లేకపోలేదు. పల్లె పాటకు మాత్రము అది అడ్డురాలేదు.

మరమ్మతు ముందా, రికార్డు ముందా యన్న ప్రశ్న ఇచ్చట పుట్టును. శ్రుతి సరిచేయువాడు రీడును గీకును. గీకిన ఇత్తడి తిరిగి రాదు. కావున బొంగురు పోయిన మెట్లతో సహా ఉన్నదున్నట్లు తొలుత రికార్డు చేసి, పిదప మరమ్మతుకు ఇయ్యవలెను. మైకు ఒకటి పెట్టె దగ్గర, రెండవది జనము కూర్చుండు చాపల నడుమ ఉంచిన చాలును. పంకాలు ఆపి, తలుపులు మూసి చేయవలసిన పని ఇది. పల్నాటి వేసవిలో గాక మార్గశిర మాసమున పెట్టుకొనుట మేలు.