భయము నిద్రను చెఱచు విధము

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని బుడమేరు పొంగి సింగునగరును, ఆ ప్రాంతపు పేటలను ముంచిన సంగతి మన చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మఱునాడు ప్రకాశము బారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు వచ్చెను. గవర్నరుపేటలోని మనము ఇండ్లలో నుండగనే, రైలుమార్గమున కావల వేలకొలది కుటుంబములు మేడలమీద అన్నపుపొట్లములకై ఎదురుచూచినవి. నీరు తీసెను. గోడలమీది చారలు సున్నముతో మాసెను. కొన్ని నెలలైన పిదప మా తరగతిలో నొక బాలుడు మొదటి గంటకే కునుకుచుండెను. బద్ధకమని యెంచి బల్ల యెక్కించితిమి. రాత్రి చినుకు చప్పుడైనను వాడు ఉలికిపడి లేచి, మంచము క్రింద నీరు చేరెనేమో యని చేతితో తడిమి చూచుకొనుచున్నాడని తల్లి వచ్చి చెప్పినప్పుడు గాని మా తప్పు మాకు తెలియలేదు. ఆ బాలుని నిమిత్తమై మేము చదివి తెలిసికొనినదానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

నిద్ర యెట్లు వచ్చును? మన శరీరమందలి కణములు తమ పనికి వలసిన శక్తిని అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమునుండి గ్రహించును. దీనిని 1929లో హార్వర్డు వైద్యకళాశాలయందు ఫిస్కే పండితునితో గూడి ప్రకటించినవారు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే కాలమున జర్మనీలో లోమాన్ అను నాతడును వేఱుగ కనుగొనెను. మేలుకొని పనిచేయుకొలది ఈ పదార్థము ఖర్చై, అందలి అడినోసిన్ మెదడులో పోగగును, కన్నులు బరువెక్కును. కాఫీయో, అడినోసిన్ కూర్చుండవలసిన పీటమీద తాను కూర్చుండును. పరీక్షల దినములలో పిల్లలకు రెండవ గ్లాసు కాఫీ కలిపి యిచ్చు తల్లులు దీనిని గమనింతురు గాక.

అయితే అడినోసిన్ ఎంత పోగైనను నిద్రను నిలువనీయనిది వేఱొకటి గలదు. అపాయము తోచినపుడు మెదడు నోరడ్రినలిన్ అను ద్రవ్యమును విడుచును. గుండె వేగమగును, చెవులు నిక్కును. ఇది యింటి కావలివాని వంటిది. కలలు గను నిద్రలో ఈ కావలివాడు సామాన్యముగ ఊరకుండును. ఘోరమైన ఆపద గడచిన కొందఱిలో వాడు అప్పుడును కేకలు వేయుచునే యుండుననియు, అందుచేతనే జరిగినది కలలో మరల మరల జరుగుచుండుననియు పరిశోధకుల ఊహ. నెల దాటినను ఇది విడువక, పగలు గూడ ఆ జ్ఞాపకములు, ఉలికిపాటు వెంటాడినచో వైద్యులు దానిని వ్యాధిగ నెంచుదురు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది మృతులైరి. బ్రదికి బయటపడినవారి నిద్ర యేమైనదో! ఈ వ్యాధిని అమెరికా మానసికవైద్యులు తమ రోగముల పట్టికలో చేర్చుకొనినదే 1980లో.

సియాటిల్ నగరమున మరే రాస్కిండ్ అను వైద్యుడు వియత్నాము యుద్ధమునుండి వచ్చిన సైనికుల పీడకలలకు మందు వెదకెను. రక్తపుపోటుకు వాడుచున్న ప్రాజోసిన్ అను పాతమందు, నోరడ్రినలిన్ పనిచేయు ద్వారములలో నొకదానిని మూయును; మెదడులోనికిని పోగలదు. 2003లో ప్రకటించిన పరీక్షయందు 10 మంది సైనికులకు కొన్ని వారములు ఈ మందును, కొన్ని వారములు మందులేని మాత్రను, ఏది యేదో రోగికిని వైద్యునికిని తెలియకుండ ఇచ్చిరి. మందు తినిన వారములలో పీడకలలు తగ్గెను. 2013లో 67 మంది సైనికులయందును మేలు కనబడెను. కాని 2018లో 304 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో మందుకును ఉత్తమాత్రకును భేదము లేకపోయెను. తన ఊహకు ఎదురైన ఆ ఫలితమును ప్రకటించినవారిలో మొదటి పేరు రాస్కిండుదే. మా కాయనయందు గౌరవము కలిగినది ముఖ్యముగ ఇచ్చటనే. కొంత కుదుటపడిన రోగులే ఆ పరీక్షలో చేరియుందురని కొందఱు సమాధానము చెప్పుదురు. వివాద మింకను తెగలేదు.

కావున తలిదండ్రులు ఎవరో చెప్పిరని మందులషాపులో మాత్రలు కొని పిల్లలకు వేయరాదు. ప్రాజోసిన్ వలన రక్తపుపోటు హఠాత్తుగ పడి, లేచి నిలుచుండినంతనే తల తిరుగవచ్చును. మాత్ర లేని పద్ధతియు నొకటి గలదు. పీడకలను పగటివేళ కాగితముమీద వ్రాసి, దానిని తన కిష్టము వచ్చినట్లు మార్చి, ఆ క్రొత్త కలను ప్రతిదినము కొంతసేపు మనస్సున చూచుకొనుట. వినుటకు పిల్లలాటవలె నున్నను, పెద్దలయందు దీనిని పరీక్షించి మేలు కనుగొనిరి. ఎవరి నడుగవలెనో తెలియనివారు 14416 అను టెలిమానస్ నంబరునకు ఫోను చేయవచ్చును. ఇది 2022లో ప్రారంభమైన ప్రభుత్వ సహాయము, ఖర్చు లేదు.

మా బాలుడును వైద్యుని సలహాపై అట్లే వ్రాసినాడు. వాని క్రొత్త కలలో నీరు వచ్చుట మానలేదు గాని, వీథి మలుపున నొక పడవ సిద్ధముగ నున్నది. దానిలో వాని పుస్తకముల సంచియు నున్నది. కొన్ని రాత్రులు ఇంకను లేచుచునే యున్నాడట. మొదటి గంటలో కునికినచో మేము వానిని లేపుట లేదు.