ఏ లక్షణమైనా షుగర్ ఖాతాలోకే

మధుమేహం ఉన్నవారికి పక్షవాతం ముప్పు మిగిలినవారి కంటే దాదాపు రెట్టింపు. మెదడుకు వెళ్లే రక్తనాళం పూడుకుపోవడం వల్లనో, చిట్లడం వల్లనో వచ్చే ఈ స్థితిని మొదటి గంటలోనే పోల్చుకోలేకపోవడానికి తెలియకపోవడం ఒక కారణమైతే, షుగర్‌తో ఏళ్ల తరబడి ఉన్న పరిచయం మరో కారణం. నిజామాబాద్ పట్టణంలోనైనా, బోధన్ చుట్టుపక్కల ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని వంటి ఊళ్లలోనైనా షుగర్ ఉన్న ఇంట్లో తిమ్మిర్లు, చూపు మసక, కళ్లు తిరగడం పాత సంగతులే. పక్షవాతమూ వీటితోనే మొదలు కావచ్చు కనుక, దానికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: 'షుగర్ వల్లే.'

ఈ తికమక ఎక్కడ ఉందో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తీసుకెళ్లే సీబ్యాక్ (జబ్బుల ముప్పును అంచనా వేసే ప్రశ్నావళి) పత్రాన్ని చదివితే బాగా తెలుస్తుంది. ముప్పై ఏళ్లు దాటినవారి కోసం నింపే ఈ పత్రం మొదటి భాగంలో వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, కుటుంబంలో ఉన్న జబ్బులకు మార్కులు వేసి, మొత్తం నాలుగు దాటినవారిని ముందుగా పరీక్షలకు పంపమంటుంది. రెండో భాగంలో లక్షణాలు అడుగుతారు: అరచేతుల్లో గాని అరికాళ్లలో గాని తిమ్మిరి ఉందా, చేత్తో వస్తువులు పట్టుకోవడం కష్టమవుతోందా, కనురెప్ప పూర్తిగా మూసుకోవడం లేదా, పాదాల్లో బలం తగ్గి నడక ఇబ్బందిగా ఉందా? చదివినవారికి ఇవి పక్షవాతం ప్రశ్నలే అనిపిస్తాయి గాని, ఇవి వెతికేది కుష్ఠును, అంటే నరాలను మెల్లమెల్లగా దెబ్బతీసే వ్యాధిని. (ఇసబెల్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పిన జిల్లాలో ఆ ప్రశ్నలను తప్పుపట్టేవారు ఉండరు.) అయితే 'ఉన్నట్టుండి మొదలైందా', 'ఒక పక్కనే ఉందా' అన్న మాటలు ఆ ప్రశ్నల్లో లేవు. పక్షవాతాన్ని పట్టించేవి ఆ రెండు మాటలే.

మెల్లగా ముదిరే జబ్బులను పట్టుకోవడానికి తయారైన పత్రాన్ని అత్యవసర స్థితి గురించి నిలదీయడం న్యాయం కాదు. ఈ పరీక్షలకు ఆధారమైన, 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం పేరులో క్యాన్సర్, మధుమేహం, గుండె జబ్బులతో పాటు పక్షవాతం కూడా ఉండేది. 2023లో అన్నిటినీ కలిపి అసాంక్రమిక వ్యాధులుగా మార్చినప్పుడు ఆ మాట పేరులోంచి జారిపోయింది. పేరుతోనే పని ఆగిపోదు గాని, షుగర్ రోగికి ఆ మాట వినిపించే చోటు ఒకటి తగ్గింది.

మధుమేహం నరాలను దెబ్బతీసినప్పుడు తిమ్మిరి సాధారణంగా రెండు పాదాల్లోనూ మొదలై, నెలల మీద పైకి పాకుతుంది. పక్షవాతం నిమిషాల్లో వచ్చి ఎక్కువగా ఒకే పక్క చేయి, కాలు, మూతిని పట్టుకుంటుంది. అంతకంటే పెద్ద చిక్కు షుగర్ పడిపోవడంతో వస్తుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మందుల వల్ల రక్తంలో గ్లూకోజు బాగా తగ్గితే మాట తడబడవచ్చు, ఒక్కోసారి చేయి కూడా పడిపోవచ్చు. రక్తపు గడ్డను కరిగించే మందు ఇచ్చే ముందు వైద్యులు షుగర్ చూసుకునేది అందుకే. ఇంట్లోవారు మాత్రం చూడకుండానే చెంచాడు చక్కెరో, కప్పు చాయో నోట్లో పోస్తారు. పక్షవాతంలో మింగే శక్తి దెబ్బతింటే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

  

గడ్డ కరిగించే మందుకు సాధారణ గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలు. అంతలోపు సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. బోధన్ నుంచి నిజామాబాద్‌కు దాదాపు పాతిక కిలోమీటర్లు, గంటలోపు ప్రయాణం. 'కాసేపు పడుకుంటే తగ్గుతుంది' అన్న మాటకు పోయే సమయం అంతకంటే ఎక్కువ కావచ్చు.

ఇంట్లోవారికి

మూతి వంకర పోయినా, చేయి పైకెత్తితే వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఉన్నట్టుండి చూపు తగ్గినా, నడక తూలినా 108కు ఫోన్ చేయాలి. గ్లూకోమీటరు చేతికి అందితే అంబులెన్సు వచ్చేలోపు చూడవచ్చు. 70 కంటే తక్కువ ఉండి, మనిషి తెలివిలో ఉండి మింగగలిగితేనే తీపి ఇవ్వాలి. మీటరు లేదని ఆగకూడదు. లక్షణాలు పది నిమిషాల్లో మాయమైనా వెళ్లవలసిందే, ఎందుకంటే తర్వాతి రెండు రోజుల్లో పెద్ద పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. నిద్రలేచేసరికి చేయి పడిపోయి ఉంటే గడువును లేచిన వేళ నుంచి లెక్కించరు. మనిషి చివరిసారి బాగున్నట్లు ఎవరు, ఎప్పుడు చూశారో వైద్యుడికి చెప్పాలి, వాడుతున్న మాత్రల అట్టలు కూడా వెంట తీసుకెళ్లాలి.