ప్రింటరు వెల, సిరా వెల: సంఘములు చూచుకొనవలసిన లెక్క

వ్యవసాయము చేయువానికి కాగితములతో పని యేమియని మన పెద్దలనుకొన్న దినములు గడచిపోయినవి. నేడు ఈ-క్రాప్ నమోదైనదని చూపుటకు ఒక కాగితము, పంట ఋణమునకు అడంగలు, 1-బి నకళ్లు, డ్రిప్పు పరికరముల దరఖాస్తునకు పాసుపుస్తకము, ఆధారు కార్డుల నకళ్లు కావలసియున్నవి. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ విత్తు రైతునకుగాని, పులివెందుల ప్రాంతమున చీనీ, అరటి తోటలు పెంచు రైతునకుగాని, నేల పదును తప్పిపోవుచున్న దినముననే యీ కాగితముల పని తటస్థించుచుండును. రెండు పుటల నకలుకొరకు ప్రొద్దుటూరికి బస్సెక్కి పోయివచ్చువానికి నకలు వెలకన్న బస్సు చార్జీయు, పోయిన పూట పనియు నెక్కువ నష్టము.

ఈ నష్టమును తప్పించుటకు మన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు మంచి అవకాశమున్నది. 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్‌లో ఆమోదించినది. కంప్యూటరు వచ్చినచోట దాని ప్రక్కన ప్రింటరు ఉండక తప్పదు. ఉన్నది చెడిపోయినప్పుడో, సభ్యుల పనికి చాలనప్పుడో క్రొత్తది కొనవలసివచ్చును. అప్పుడు పాలకవర్గమువారు మొట్టమొదట అడుగు ప్రశ్న, "అన్నిటికన్న తక్కువ వెలది యేది?" అని. మా అభిప్రాయమున ఆ ప్రశ్నయే సంఘపు సొమ్మును పోగొట్టుచున్నది. తక్కువ వెలకు దొరికినదని డీజిలు విపరీతముగా త్రాగు ఇంజనును బావిపై బిగించుకొన్న రైతు ఎన్నాళ్లు సంతోషించును? ప్రింటరు విషయమును అట్టిదే. యంత్రము ఒక్కసారి కొనెదము. సిరాను ఏటేట కొనుచుండెదము.

ఈ యంత్రము పనిచేయు విధమును కొంచెము తెలిసికొన్నచో తక్కినది సులభముగా బోధపడును. ఇంక్‌జెట్ ప్రింటరులో అచ్చు తల యని యొకటి కాగితముపై అటునిటు తిరుగుచుండును. దానికి వెండ్రుకకన్న సన్నని రంధ్రములు వందలకొలది ఉండును. వానినుండి సిరా మిక్కిలి చిన్న బొట్లుగా వెలువడి అక్షరమగును. కొన్ని యంత్రములలో చిన్న వేడితీగ సిరాను తటాలున కాచి బుడగను పుట్టించి బొట్టును నెట్టును. జపానులోని కేనన్ సంస్థ ఉద్యోగి యొకడు 1977లో కాలిన సోల్డరింగు కడ్డీ పొరపాటున సిరంజి సూదికి తగిలి సిరా చిమ్ముట చూచి యీ పద్ధతిని కనిపెట్టెనని చెప్పుదురు. మరికొన్నిటిలో, ముఖ్యముగా ఎప్సన్ సంస్థవారి వానిలో, విద్యుత్తు తగిలినప్పుడు వంగు స్ఫటికము సిరాను నెట్టును. హ్యూలెట్ ప్యాకర్డు వారు 1984లో థింక్‌జెట్ అను పేర నిట్టి ప్రింటరును విక్రయమునకు తెచ్చినది మొదలు ఇది సామాన్యుల చేతికి రాసాగినది.

యంత్రమును చౌకగా నిచ్చి సిరా డబ్బీలపై లాభము తీయు వ్యాపారము కూడ దానితోపాటే పెరిగినది. కాట్రిడ్జి యనబడు ఆ డబ్బీలో సిరా కొద్ది, వెల హెచ్చు. కొన్ని సంస్థలు ఆ డబ్బీకి చిప్పు అమర్చి, అన్యుల డబ్బీ పెట్టినచో యంత్రము పనిచేయకుండునట్లు చేసినవి. ఈ సంగతిని కొనువారికి సరిగా తెలుపలేదని ఇటలీ దేశపు పోటీ పర్యవేక్షణ సంస్థ 2020లో హ్యూలెట్ ప్యాకర్డు వారికి కోటి యూరోల జరిమానా విధించినది. కొనువారును ఊరకుండలేదు. ఇండొనేషియాలోను, మన దేశములోను చిన్న అంగళ్లవారు ప్రింటరు ప్రక్కన సీసాలు కట్టి, సన్నని గొట్టములతో సిరా పారించి, పుట వెలను పైసలలోనికి దించిరి. దీనిని చూచి ఎప్సన్ వారే 2010లో మొదట ఇండొనేషియాలో సిరా తొట్టి గల ప్రింటరును ప్రవేశపెట్టిరి. తక్కిన సంస్థలును తరువాత ఆ త్రోవనే పట్టినవి. చిన్న వర్తకుల పొదుపు పెద్ద కంపెనీల పద్ధతిని మార్చిన ఉదాహరణములలో నిది యొకటి గనుక మేము ముచ్చటపడి వ్రాయుచున్నాము.

ఇక లెక్కలోనికి వత్తము. వెలలు అంగడికొక తీరుగను, నెలకొక తీరుగను ఉండును గాన ఈ క్రింది అంకెలను నమూనాగా మాత్రమే గ్రహింపవలెను; సభ్యులు తమ అంగడిలోని వెలలను వాని స్థానమున వేసికొని చూడవచ్చును. కాట్రిడ్జి ప్రింటరు వెల 3,500 రూపాయలు, తొట్టి ప్రింటరు వెల 11,000 రూపాయలు అనుకొందము. కాట్రిడ్జి 1,000 రూపాయలై 200 పుటలు వచ్చినచో పుటకు సిరా 5 రూపాయలు. నల్ల సిరా సీసా 450 రూపాయలై 4,500 పుటలు వచ్చినచో పుటకు 10 పైసలు. పుట యొక్కంటికి తేడా 4 రూపాయల 90 పైసలు. మొదట హెచ్చుగా నిచ్చిన 7,500 రూపాయలు సుమారు 1,530 పుటలతో తిరిగివచ్చును. నెలకు 500 పుటలు తీయు సంఘమునకు ఇది మూడు నెలల పని. ఆ సంఘమే కాట్రిడ్జితో కాలము గడిపినచో ఏడాదికి 6,000 పుటలకు సిరా క్రింద 30,000 రూపాయలు వ్యయమగును. తొట్టిలో 600 రూపాయలు. రంధ్రములు శుభ్రపరచుటలో పోవు సిరాను, రంగు సిరాను కలిపి దానిని రెండింతలు చేసినను 1,200 రూపాయలు. మిగిలిన 28,800 రూపాయలు సభ్యుల సొమ్ము.

పెట్టెపై వ్రాసిన పుటల సంఖ్యను అట్లే నమ్మరాదు. ఆ సంఖ్య ఐఎస్‌ఓ 24711 వంటి నియమముల ప్రకారము, నిర్ణీతమైన నమూనా పుటలను ప్రయోగశాలలో ఎడతెగక అచ్చువేసి కట్టినది. మన పని అట్లు జరుగదు. దినమునకు నాలుగు పుటలు తీసి ఆపుదుము; మరల తెరచినప్పుడు యంత్రము తన్ను తాను కడుగుకొని కొంత సిరా త్రాగును. కట్టివేసిన ఎద్దునకును మేత తప్పనట్లు, ఊరకున్న యంత్రమునకును సిరా తప్పదు. తొట్టి యంత్రమునందు మొదటి సీసాలో కొంత భాగము గొట్టములు నిండుటకే సరిపోవును గాన మొదటి సీసాకు పుటలు తక్కువ వచ్చినవని దిగులుపడనక్కరలేదు. సెల్‌ఫోనులో తీసిన పాసుపుస్తకపు ఫొటోను నల్లని అంచులతో సహా అచ్చువేయుట మరియొక దుబారా. అట్టి పుట యొక్కటి పలుచని లేఖలు పదింటి సిరాను మ్రింగగలదు. అంచులు కత్తిరించి, నలుపు తెలుపులో, డ్రాఫ్టు పద్ధతిని తీసినచో కార్యాలయములవారు కాదనరు.

ఈ లెక్క అంతయు సంఘమునకు. ఒక్క రైతు తన యింటికి ప్రింటరు కొనవలెనా యని కొందరు సభ్యులు అడుగుచున్నారు. నెలకు పది పుటలు తీయు ఇంటికి పై 1,530 పుటలు రావలెనన్న పండ్రెండు సంవత్సరములకు పైబడును; అంతకు చాల మునుపే యంత్రము మూలబడును. కాట్రిడ్జిది కొన్నను, వాడక లేక సిరా ఎండి, నిండు డబ్బీనే పారవేయవలసివచ్చును. పిల్లల చదువుల నిమిత్తము నెలకు నూరు పుటలైనను తీయు ఇల్లయిననే కొనుట మంచిది. తక్కినవారు సంఘపు యంత్రమును వాడుకొనుట లాభము. పది ఇండ్లలో పది యంత్రములు ఎండిపోవుటకన్న సంఘములో ఒకటి దినమెల్ల పనిచేయుట అన్నివిధముల మేలు.

రంగుతో పనిలేక, నల్ల పుటలే వేలకొలది తీయు సంఘములు లేజరు ప్రింటరును గూడ విచారింపవలెను. దాని టోనరు పొడి గనుక ఎండుట యను బాధ లేదు. నీరు పడినను అక్షరము చెదరదు. కాని అది పొడిని వేడిచేసి కాగితమునకు అంటించును గాన ఆ క్షణమున వందల వాట్ల విద్యుత్తు లాగును. కరెంటు పోయినప్పుడు కంప్యూటరును నిలుపు చిన్న యూపీఎస్‌కు దానిని తగిలింపరాదు. ఇంక్‌జెట్ యంత్రమునకు ఇరువది వాట్ల లోపు చాలును గనుక కరెంటు కోతలు గల గ్రామములలో ఇది గణింపదగిన సుగుణము.

సిరాలోను రెండు జాతులున్నవి. నీటిలో కరగిన రంగు సిరా ఒకటి. ఇది చూపునకు ఇంపుగా నుండును గాని చెమట చేయి తగిలినను అలికిపోవును. రెండవది సన్నని నల్లపొడి తేలు సిరా. దీనిని పిగ్మెంటు అందురు. ఇది ఆరిన తరువాత నీటికి అంతగా కరగదు. మన పూర్వులు దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి చేసికొన్న సిరాయు ఈ రెండవ జాతిదే. గంటముతో గీచిన తాటాకుపై రుద్దిన మసి వందల యేండ్లు నిలిచినది గదా. జేబులో మడిచి పొలమునకు, బ్యాంకునకు త్రిప్పు కాగితము వానకు తడిసి సర్వే నెంబరు చెరగిపోయినచో దాని ఫలితము రైతు అనుభవింపవలసియుండును. కావున మంచి విత్తనమును మొలక చూచి కొన్నట్లు, అంగడిలో మీ అడంగలునే అచ్చువేయించి, అయిదు నిమిషములు ఆరనిచ్చి, దానిపై నీటిబొట్టు వేసి వ్రేలితో రుద్ది చూడుడు. నల్ల సిరా నిలిచిన యంత్రమునే కొనుడు.

పులివెందుల తోటల రైతులకు యంత్రపు జబ్బును వివరించుట సులభము. డ్రిప్పు పైపులలో ఉప్పుపట్టి డ్రిప్పర్లు మూసికొనిపోవుట వారు ఎరుగనిది కాదు. అచ్చు తల రంధ్రములును సిరా ఎండి అట్లే మూసికొనును. డ్రిప్పునకు ఆమ్లము పెట్టినట్లు యంత్రమునకు శుభ్రపరచు ఆజ్ఞ యొకటి యున్నది గాని, ప్రతిమారు సిరా వ్యర్థమై లోపలి స్పంజి మెత్తలోనికి పోవును. ఆ మెత్త నిండినప్పుడు యంత్రము పని మానివేయును. అందుచే ఒకటి రెండు మారులు కడిగినను గీతలు పోనిచో ఒక రాత్రి ఆపియుంచి మరునాడు చూచుట మేలు. ఆ మెత్తను, లేక వ్యర్థపు సిరా పెట్టెను, మనమే మార్చుకొనవచ్చునా, సర్వీసు కేంద్రమునకు పోవలెనా యని కొనునప్పుడే అడుగవలెను. గ్యారంటీ "ఒక సంవత్సరము లేక ఇన్నివేల పుటలు, ఏది ముందైన అది" అని యుండుట కద్దు. ఆ రెండవ షరతును చాలమంది చదువరు.

మేము చూచిన యొక కార్యాలయమున సాయంకాలము కాగానే గోడమీది స్విచ్చి ఆపి తాళము వేయుచుండిరి. ఆరు నెలలలో అచ్చు తల చెడినది. ప్రింటరును దాని బొత్తాముతోనే ఆపవలెను. అప్పుడే అచ్చు తల తన చోటికి పోయి మూతక్రింద ఒదుగును; గోడ స్విచ్చి ఆపినచో మధ్యలోనే నోరు తెరచుకొని నిలిచి గాలికెండును. చాలయంత్రములు 35 డిగ్రీల వేడివరకే పనిచేయుటకు ఉద్దేశింపబడినవి. మన ప్రాంతపు ఎండలు 40 డిగ్రీలు దాటునన్నది చెప్పనక్కరలేదు. కిటికీ ప్రక్కను, రేకుల కప్పు క్రిందను దానిని ఉంచరాదు. దుమ్ము పడకుండ గుడ్డ కప్పవలెను. తొట్టిలో సిరా క్రింది గీతకు దిగకమునుపే పోయవలెను. గొట్టములోనికి గాలి దూరినచో వెలుపలికి తీయుట కష్టము. తొట్టిలో సిరా ఉండగా యంత్రమును ఆటోలోనో బస్సులోనో ప్రక్కకు వంచి తీసికొనిపోరాదు.

చవుక సిరాను గురించి మా మాట యిది. గ్యారంటీ కాలమున కంపెనీ సిరానే వాడుట క్షేమము. పుటకు పది పైసలలో ఆదా చేయుటకు మిగిలినదేమున్నది? పిగ్మెంటు సిరా తొట్టిలో రంగు సిరా పోయుట మాత్రము ఎన్నడును కూడదు. ఆదా చేయదలచినచో కాగితమున చేయవలెను. 500 కాగితముల రీము 280 రూపాయలనుకొన్నచో కాగితమొక్కటికి 56 పైసలు, అనగా సిరాకు అయిదింతలకు పైగా పడుచున్నది. లోపలి లెక్కలను రెండు ప్రక్కల తీసినచో సిరాలో నెన్నటికిని రాని మిగులు అక్కడ వచ్చును.

సభ్యులవద్ద పుటకెంత తీసికొనవలెననునదియు పాలకవర్గము తీర్మానింపవలసినదే. యంత్రము మూడేండ్లు, 18,000 పుటలు నడచునని పెట్టుకొన్నచో యంత్రపు అరుగుదల పుటకు 61 పైసలు, కాగితము 56, సిరా 20. మొత్తము 1 రూపాయి 37 పైసలు. కరెంటునకు, మరమ్మతునకు కలిపి 2 రూపాయలు తీసికొన్నను సంఘము నష్టపడదు, సభ్యుడును నొచ్చుకొనడు. ఆ రేటును గోడపై వ్రాసి, యంత్రములోని పుటల లెక్కను నెలకొకమారు రిజిస్టరులో ఎక్కించి, వచ్చిన సొమ్ముతో సరిచూడవలెను. మీభూమి నుండి తీసిన అడంగలు సమాచారమునకు మాత్రమే పనికివచ్చుననియు, ధ్రువీకరించిన నకలు అడిగినచోట మీసేవకు పోవలసినదే ననియు ఆ గోడమీదనే వ్రాయుట మంచిది. లేనిచో రైతు రెండు మారులు తిరుగవలసివచ్చును.

వేసవిలో ఋణముల పని తగ్గి యంత్రము వారములకొలది ఊరకుండును. ఎండుట అప్పుడే ఎక్కువ. వారమునకొక్క పుట, నాలుగు రంగులును కలిసివచ్చునట్లు తీసినచో రంధ్రములు తెరచియుండును. ఆ పుటను వ్యర్థముగా పారవేయక, ఆ వారపు శనగ, వేరుశనగ, పత్తి ధరలను దానిపై రంగులలో అచ్చువేసి సోమవారమునాడు నోటీసు బల్లకు అంటించినచో రెండు పనులును ఒక్క కాగితముతో తీరును.